ఆవును అమ్మిన ఏడాది

తెల్లవారకముందే ఆవు పలుపు విప్పారు. ఆ పూట పాలు పిండాలా వద్దా అన్నదాని మీద ఇంట్లో చిన్న తగువైంది. పొదుగు నిండుగా కనిపిస్తే సంతలో నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని అతను. దూడకు ఇదే ఆఖరి పూట, కడుపారా తాగనిద్దామని ఆమె. చివరికి దూడే గెలిచింది. ఆమె కొట్టం గుమ్మం దగ్గర నిలబడిపోయింది. అతను తాడు చేతికి చుట్టుకుని రోడ్డెక్కాడు.

రోడ్డు మీదికొచ్చాక తెలిసింది, ఈ ఆలోచన తనొక్కడిదే కాదని. ముందు ఒకడు రెండు గొర్రెల్ని తోలుకుపోతున్నాడు. వెనకాల ఇంకొకడు, బండి కూడా అమ్మకానికే కాబోలు, ఖాళీ బండితో గాడిదను నడిపిస్తున్నాడు. పొలాల గట్ల మీద పాత ప్రభుత్వం కట్టించిన కాంక్రీటు బంకర్లు మంచులో పుట్టగొడుగుల్లా ఉన్నాయి. ఎవరూ ఎవరినీ పలకరించుకోలేదు. ఎక్కడికని అడగాల్సిన పని లేదు కదా.

సంతకు చేరేసరికి ధర పడిపోయి ఉంది. అందరూ అమ్మేవాళ్లే. కొనేవాళ్లు కసాయివాళ్లు. మామూలు రోజుల్లో అయితే ఆ ధరకు ఆవును వెనక్కి తోలుకొచ్చేవాడు. ఆరోజు బేరమాడలేదు. ఇక్కడ పోగొట్టుకున్నది అక్కడ మూడింతలై తిరిగొస్తుందన్న ధీమా. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. పలుపుతాడు మాత్రం కసాయికి ఇవ్వలేదు. దాన్ని భుజాన వేసుకునే వెళ్లి, కిటికీ ముందున్న వరసలో నిలబడ్డాడు.

1996 నవంబరు. అల్బేనియాలో లుష్నియ అనే ఊరు. ఆ కిటికీ వెనకున్న సంస్థ పేరు జాఫెర్రి. అది చెప్పిన మాట ఒక్కటే: ఈరోజు కట్టు, మూడు నెలలకు మూడింతలు పట్టుకెళ్లు.

ఈ ఇంటివాళ్లకు నేను పేర్లు పెట్టలేదు. ఇది ఒక్క ఇల్లు కాదు గనక. ఆ ఏడాది అల్బేనియా పల్లెల్లో ఇంటింటా జరిగినదాన్ని తెచ్చి ఒక కప్పు కింద కూర్చాను. మొగుడూ పెళ్లాల మాటలు నా ఊహ. వడ్డీలు, తేదీలు, చావులు మాత్రం ఊహ కాదు. వాటిని ఆర్థికవేత్తలు తర్వాత కూర్చుని లెక్కకట్టారు.

గ్రీసుకు ఎగువన, ఇటలీకి సముద్రం ఆవల ఉంటుంది అల్బేనియా. మన తెలంగాణలో నాలుగో వంతు విస్తీర్ణం. అప్పటి జనాభా ముప్పై లక్షల పైచిలుకు. ఎన్వర్ హోజా అనే కమ్యూనిస్టు నేత నాలుగు దశాబ్దాల పాటు ఆ దేశానికి తలుపులు వేసి, గడియ పెట్టి పాలించాడు. సొంత కారు ఉండకూడదు, సొంత వ్యాపారం ఉండకూడదు. 1991 నాటికి ఆ తలుపులు విరిగిపోయాయి. ఆ ఆగస్టులో దుర్రెస్ రేవులో చక్కెర దింపుతున్న వ్లోరా అనే ఓడ మీదికి సుమారు 20 వేల మంది ఎగబాకి ఇటలీలోని బారీ తీరానికి పోయారు. చాలామందిని ఇటలీ వెనక్కి పంపేసింది. ఆ ఓడ ఫొటో చూసినవాళ్లు మరచిపోలేరు. ఇనుము కనపడదు, మనుషులే కనపడతారు.

మన కథలో అతను అంతకుముందు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టరు నడిపేవాడు. క్షేత్రం మూతపడింది. భూమిని కుటుంబాలకు పంచితే ఇతని వాటాకు ఎకరాల లెక్కన చెప్పుకోడానికి సిగ్గుపడేంత చెక్క వచ్చింది. ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడింది. ఉద్యోగం మిగిలిన మాస్టారికైనా, నర్సుకైనా నెల జీతం 100 డాలర్ల లోపే. ఇరవై ఏళ్ల కొడుకు కొండలు దాటి కాలినడకన గ్రీసు చేరాడు. కాగితాలు లేవు. ఆలివ్ తోటల్లో, ఇళ్లు కట్టేచోట దొరికిన కూలి చేస్తాడు. గ్రీకు మేస్త్రీ తన మనిషికిచ్చే కూలిలో సగం ఇచ్చినా నోరెత్తడు. పోలీసులు అప్పుడప్పుడు ఇలాంటివాళ్లను ఏరి బస్సుల్లో కుక్కి సరిహద్దు దాటిస్తారు. ఆ ఏరివేతకు అక్కడ పేరు 'స్కూపా', అంటే చీపురు. రెండుసార్లు ఊడ్చేస్తే రెండుసార్లూ మళ్లీ నడిచి వెళ్లాడు. ఎవరైనా ఊరికి వస్తుంటే బనీనులో దాచి గ్రీకు ద్రాక్మాలు పంపేవాడు. మన నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు కోసం ఎదురుచూసిన తల్లులకు ఈ ఇల్లు కొత్తగా అనిపించదు.

ఆ ద్రాక్మాలు ఎక్కడ దాచాలి? అప్పట్లో అల్బేనియాలో బ్యాంకులంటే ముఖ్యంగా మూడు ప్రభుత్వ బ్యాంకులు. చెల్లింపులు నత్తనడక. మామూలు మనిషికి అప్పు పుట్టేది కాదు. అందుకే బ్యాంకు బయట వడ్డీ వ్యాపారం పెరిగింది. దానివల్ల మంచే జరుగుతోందని, చిన్న వ్యాపారాలకు పెట్టుబడి పుడుతోందని అధికారులూ కళ్లు మూసుకున్నారు. ఈ వడ్డీ సంస్థల్ని జనం 'ఫిర్మా' అనేవారు. అంటే కంపెనీ, అంతే. మోసం వాసన ఏమీ లేని మాట. వేఫా, జ్యాలిత్సా, కాంబెరి లాంటి పెద్ద ఫిర్మాలకు నిజంగానే వ్యాపారాలుండేవి. వేఫాకైతే దుకాణాలు, హోటళ్లు కూడా. పక్కనున్న యుగోస్లావియా మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలున్న రోజుల్లో అక్కడికి దొంగచాటున పెట్రోలు తోలడం లాభసాటి వ్యాపారం. వీళ్లకు ఆ దారిలోనూ డబ్బొచ్చేది.

1995 చివర్లో ఆంక్షల అమలు ఆపేశారు. దొంగ పెట్రోలు రాబడి ఆగిపోయింది.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే మలుపు ఇది. రాబడి తగ్గితే వడ్డీ తగ్గాలి. ఇక్కడ పెరిగింది. నెలకు నాలుగైదు శాతం ఇచ్చేవాళ్లు 1996 మొదట్లో ఆరు అన్నారు, తర్వాత ఎనిమిది అన్నారు. జులైలో కాంబెరి నెలకు పది శాతం ప్రకటించింది. సెప్టెంబరులో పోపుల్లి అనే సంస్థ నెలకు 30 శాతానికి పైగా ఇస్తానంది. పోపుల్లి అంటే 'ప్రజ'. నవంబరులో జాఫెర్రి మూడు నెలల్లో మూడింతలు అంది. దానికి పోటీగా సుదే అనే సంస్థ రెండు నెలల్లో రెండింతలు అంది. ఈ సుదేను నడిపింది ఒకప్పటి చెప్పుల ఫ్యాక్టరీ కార్మికురాలు. జాఫెర్రి, పోపుల్లి, సుదేలకు వ్యాపారమంటూ ఏమీ లేదు. సాయంత్రం వచ్చినవాడి డబ్బు పొద్దున వచ్చినవాడి చేతిలో పెట్టడమే వాళ్ల వ్యాపారం.

వడ్డీ పెరుగుతోందంటే ఊపిరాడక చేతులు కొట్టుకుంటున్నారని అర్థం. బయటి నుంచి చూసేవాళ్లకు అది ఈత కొడుతున్నట్టుగా కనిపించింది.

ఆవును అమ్మకముందు ఒక రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో చూద్దాం. కరెంటు లేదు. కిరోసిన్ దీపం. బల్ల మీద రొట్టె, కాస్త తెల్ల జున్ను. ఆమె సిగరెట్ పెట్టె చించి, దాని లోపలి వైపు పెన్సిలుతో లెక్క వేస్తోంది. అక్షరాలు నేర్పి, లెక్కలు నేర్పి, రష్యన్ కూడా కొంత నేర్పిన బడిలో చదివిన మనిషి. అంకెలంటే భయం లేదు.

"ఇంత ఎలా ఇస్తారయ్యా?"

"ఎలా ఇస్తే నీకెందుకు? పక్కింటివాళ్లకు ఇచ్చారా లేదా?"

"ఇచ్చారు."

"నీ కళ్లతో చూశావా?"

"చూశాను. ఫ్రిజ్ కొన్నారు."

"మరి?"

ఆమె జవాబు చెప్పలేదు. పక్కింటి ఫ్రిజ్‌కు జవాబు ఉండదు. ఊళ్లో నలుగురికి నిజంగానే డబ్బు తిరిగొచ్చింది. చెప్పిన రోజుకు, చెప్పినంత. నెలనెలా వచ్చిన వడ్డీ లేకపోతే ఎవరు నమ్ముతారు? ఈ రకం పథకాలకు ప్రచారమంతా ఆ తొలి చెల్లింపుల్లోనే ఉంది. వాటికి టీవీ ప్రకటన అక్కర్లేదు, గోడకు అంటించిన కాగితం అక్కర్లేదు. తొలి విడతలో లాభపడ్డవాడు అబద్ధమాడడు. తనకు వచ్చింది నిజంగానే వచ్చిందని చెబుతాడు. తనకు వచ్చింది ఎదురింటివాడి ఆవు అని అతనికీ తెలియదు.

"వాడు చలిలో ఇటుకలు మోస్తున్నాడు," అన్నాడతను. కొడుకు సంగతి. "ఈ ఒక్కసారి వస్తే రమ్మని కబురు పెడదాం. ఇక్కడే ఏదో ఒక దుకాణం పెట్టుకుంటాడు."

ఆమె చేతిలో పెన్సిలు ఆగింది. వడ్డీ మీద నమ్మకం కుదిరి కాదు. కొడుకు మాట ఎత్తాక లెక్కతో పని లేదు.

పట్నాల్లో లెక్క ఇంకోరకంగా ఉంది. కమ్యూనిజం పోయాక ప్రభుత్వ క్వార్టర్లు అందులో ఉంటున్నవాళ్లకే దాదాపు ఉచితంగా దఖలయ్యాయి. జీవితంలో తొలిసారి చేతికొచ్చిన ఆస్తి అది. దాన్ని 10 వేల డాలర్లకు అమ్మి ఫిర్మాలో పెట్టారనుకోండి. నెలకు ఎనిమిది శాతమంటే 800 డాలర్లు. 100 డాలర్ల లోపు జీతగాడికి కనీసం ఎనిమిది నెలల జీతం ప్రతి నెలా ఇంటికొస్తుంది. ఇల్లు అమ్మేసి, అద్దెకు దిగి, ఉద్యోగం మానేసినా మిగులుతుంది. ఎందరో ఇలాగే ఇళ్లు అమ్ముకున్నారు. దీన్ని దురాశ అని తేల్చేయడం సులువు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఈ లెక్కలో అడిగిందంతా ఒక కుటుంబం తిని, పిల్లల్ని చదివించుకుని, చలికి బొగ్గు కొనుక్కునే ఖర్చు. ఫిర్మా వాళ్లకు ఇచ్చింది ఒక జీతం. అసలు జీతం ఇచ్చే నాథుడు ఆ దేశంలో లేడు.

ఆ శరదృతువులో రాజధాని టిరానాలో కబేళా వాసన వేసేదని అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ (ఐఎంఎఫ్) ఆర్థికవేత్త క్రిస్టఫర్ జార్విస్ 2000లో రాసిన వ్యాసంలో ఉంది. రైతులు పశువుల్ని తోలుకొచ్చి అమ్మి, ఆ డబ్బును ఫిర్మాల్లో పెట్టడమే కారణం. ఆర్థిక పరిశోధన వ్యాసాల్లో పట్టికలుంటాయి, గ్రాఫులుంటాయి. వాసన ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు.

జాఫెర్రి, పోపుల్లి రెండింట్లోనే కొద్ది నెలల్లో దాదాపు 20 లక్షల మంది డబ్బు కట్టారు. చంటిపిల్లల్ని, ముసలివాళ్లని కలుపుకుని ముప్పై లక్షల పైచిలుకు ఉన్న దేశంలో. మూడు నెలల్లో మూడింతలు ఇవ్వాలంటే, కట్టిన ప్రతి ఒక్కరికీ అంతే డబ్బుతో కొత్తవాళ్లు ముగ్గురు రావాలి. మొదట లక్ష మంది ఉంటే తర్వాతి విడతకు మూడు లక్షలు, ఆపైన తొమ్మిది, ఆపైన 27 లక్షలు, ఆపైన 81 లక్షలు. ఏడాది తిరిగేసరికి దేశం చాలదు. సిగరెట్ పెట్టె మీద వెయ్యగలిగిన లెక్కే. కానీ ఆమె వేసింది తమ ఇంటి లెక్క. ఊరి లెక్క, దేశం లెక్క వెయ్యాల్సిన మనుషులు వేరే ఉన్నారు. వాళ్లకు జీతమిచ్చేదే అందుకు.

వాళ్లేం చేశారు? ఐఎంఎఫ్, ప్రపంచబ్యాంకు హెచ్చరించాయి. ఆర్థిక శాఖ 1996 అక్టోబరు దాకా జనానికి చెప్పలేదు. చెప్పినప్పుడైనా, నిజమైన వ్యాపారాలున్న కంపెనీలు వేరు, ఉత్త పిరమిడ్లు వేరు అన్నట్టు గీత గీసింది. ఆ గీత తప్పు. రెండు రకాలూ మునిగే ఉన్నాయి. అధ్యక్షుడు సాలి బెరిషా, వృత్తిరీత్యా గుండె వైద్యుడు, విదేశీ సంస్థల హెచ్చరికల మీద కోప్పడి కంపెనీల పక్షాన నిలబడ్డాడు. అదే ఏడాది మే నెలలో ఎన్నికలు జరిగాయి. పాలక పార్టీ ప్రచారానికి ఫిర్మాల నుంచి డబ్బు వచ్చింది. ఇక గుండె ఎవరి వైపు కొట్టుకుంటుంది?

లుష్నియలో మరో వింత. 1978 ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనాకు రెండు గోల్స్ కొట్టిన మారియో కెంపెస్‌ను జాఫెర్రి డబ్బుతో ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా తీసుకొచ్చారు. పొలాల మధ్య చిన్న ఊరు. అలాంటిచోట ప్రపంచ ఛాంపియన్ మైదానంలో కుర్రాళ్లతో పరుగులు తీయిస్తుంటే, క్యూలో నిలబడ్డ రైతుకు ఇంకేం రుజువు కావాలి? కెంపెసే వచ్చాడంటే డబ్బున్నట్టే.

నవంబరు 19న సుదే చెల్లింపులు ఆపేసింది. మన మనిషి ఆవును అమ్మి అప్పటికి కొద్ది రోజులే. గుండె జారింది, కానీ చుట్టూ ఉన్నవాళ్లు ధైర్యం చెప్పారు. అది సుదే, మనది జాఫెర్రి. అది టిరానా సంగతి, మనది మన ఊరివాడి సంస్థ. రసీదును ఆమె పిండి డబ్బాలో దాచింది. దాని మీద గడువు ఫిబ్రవరి.

ఫిబ్రవరి రాలేదు. 1997 జనవరిలో సుదే, జ్యాలిత్సా దివాలా తీశాయి. ప్రభుత్వం పరిహారం ఇవ్వనంది. జాఫెర్రి, పోపుల్లిల బ్యాంకు ఖాతాలు స్తంభింపజేసింది. వాటిలో ఉన్నది 25 కోట్ల డాలర్లు, దేశం ఏడాది సంపాదనలో పదో వంతు. జాఫెర్రి అధిపతిని అరెస్టు చేశారు.

లుష్నియ భగ్గుమంది. ఇక్కడే ఒక మాట గమనించాలి. వీధుల్లోకి వచ్చిన జనం అతన్ని ఉరితీయమనలేదు. వదిలిపెట్టమన్నారు. అతను బయట ఉంటే ఎలాగోలా ఇస్తాడు, లోపలేస్తే ఎవరిస్తారు అని వాళ్ల వాదన. శాంతపరచడానికి వచ్చిన ఉపప్రధాని ట్రిటన్ షెహును పట్టుకుని, కెంపెస్ జట్టు ఆడే ఆ స్టేడియంలోనే గంటల తరబడి నిర్బంధించారు. మునిసిపల్ కార్యాలయం తగలబడింది. కెంపెస్ దేశం విడిచి వెళ్లిపోయాడు.

మన ఇంటి మనిషి ఆరోజు స్టేడియం దగ్గర ఉన్నాడా? ఉన్నాడనే అనుకుంటాను. రసీదు జేబులో పెట్టుకుని వెళ్లి ఉంటాడు. ఎవరో అధికారి వచ్చి వరసలో నిలబడమంటే, తనవంతు వచ్చినప్పుడు కాగితం చూపించాలి కదా.

ఆ తర్వాతది వేగంగా చెబుతాను. మంట దక్షిణాన రేవు పట్టణం వ్లోరాకు పాకింది. అక్కడ విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చున్నారు. మార్చి మొదట్లో ప్రధాని రాజీనామా చేశాడు, మర్నాడు అత్యవసర పరిస్థితి. సైనికులు బ్యారకులు వదిలి ఇళ్లకు పోయారు. జనం ఆయుధాగారాలు బద్దలుకొట్టి లక్షలాది తుపాకులు పట్టుకెళ్లారు. దక్షిణ అల్బేనియా ప్రభుత్వం చేతుల్లోంచి పోయింది. ఆ ఏడాది చనిపోయినవాళ్లు సుమారు 2 వేల మంది. ఏప్రిల్లో ఇటలీ నాయకత్వాన బహుళదేశాల సైన్యం దిగింది. జూన్‌లో ఎన్నికలు, జులైలో బెరిషా గద్దె దిగాడు. ధరలు ఏడాదిలో నలభై శాతానికి పైగా పెరిగాయి.

మార్చి 28 సాయంత్రం ఇటలీకి పారిపోతున్న జనంతో నిండిన 'కాతర్ ఇ రాదెస్' అనే పడవ ఒట్రాంటో జలసంధిలో ఇటలీ యుద్ధనౌక ఢీకొనడంతో మునిగింది. ఎనభై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. ఆరేళ్ల కిందట వ్లోరా ఓడ ఎక్కినవాళ్ల చేతుల్లో ఏమీ లేదు. ఈసారి కూడబెట్టుకున్నదీ పోయింది.

జాఫెర్రి ఖాతాల్లో దొరికిన డబ్బులోంచి కొంత జనానికి తిరిగిచ్చారు. కొంతే. అన్ని ఫిర్మాలూ కలిసి జనానికి బాకీపడ్డది, పతాకస్థాయిలో ఉన్నప్పుడు, 120 కోట్ల డాలర్లని లెక్క తేలింది. దేశం ఏడాది ఉత్పత్తిలో దాదాపు సగం. దేశ జనాభాలో మూడింట రెండు వంతుల మంది డబ్బు పెట్టారు.

ఇంతమంది ఒకేసారి తెలివితక్కువవాళ్లు ఎలా అవుతారు? ఈ ప్రశ్నకు నాకు సంతృప్తికరమైన జవాబు పరిశోధకుల దగ్గరే దొరికింది. బ్యాంకు చెయ్యాల్సిన పని బ్యాంకు చెయ్యక, జీతం రావాల్సిన చోట జీతం రాక, వద్దని చెప్పాల్సినవాడు చెప్పకపోతే, చదువుకున్నవాళ్లయినా అదే చేస్తారు. ఎవరు ముందు దిగుతారు, ఎవరు ఆఖరున దిగుతారు అన్నదాంట్లోనే తేడా. పట్నంవాళ్లు నాలుగైదు శాతం రోజుల్లో దిగి, కొంత వడ్డీ తిని, కొందరైతే అసలు కూడా రాబట్టుకున్నారు. పల్లెటూరి మనిషికి కబురు ఆలస్యంగా చేరుతుంది. చేరాక కూడా పక్కింటి ఫ్రిజ్ చూసేదాకా నమ్మడు. నమ్మేసరికి పిరమిడ్‌కు అడుగు వరసే మిగిలి ఉంటుంది. జాగ్రత్తపరుడే ఆఖరున చేరి, ఎక్కువ నష్టపోయాడు.

అల్బేనియా కొత్తగా కళ్లు తెరిచిన దేశం గనక అలా జరిగింది అనుకోడానికీ లేదు. అమెరికాలో పోషకాహార ఉత్పత్తుల్ని గొలుసుకట్టు పద్ధతిలో అమ్మే హెర్బాలైఫ్ అనే కంపెనీ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 జులైలో వేసిన దావా చదవండి. చాలీచాలని జీతాల స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాలు ఎన్నో 'న్యూట్రిషన్ క్లబ్' పేరిట చిన్న దుకాణాలు తెరిచాయి. ఒక్కో క్లబ్బు తెరిచి నడపడానికి సగటున 8,500 డాలర్లు ఖర్చయ్యాయనీ, యజమానుల్లో 57 శాతం మందికి లాభం రాలేదు లేదా నష్టం వచ్చిందనీ కమిషన్ రాసింది. పిరమిడ్ అన్న మాట మాత్రం వాడలేదు. కంపెనీ 20 కోట్ల డాలర్లు చెల్లించి, పద్ధతులు మార్చుకుంటానని రాజీపడింది. 2017 జనవరిలో దాదాపు మూడున్నర లక్షల మందికి చెక్కులు పోస్టులో వెళ్లాయి. అక్కడ అడిగేవాడు ఒకడున్నాడు, ఆలస్యంగానైనా. అదొక్కటే లుష్నియకూ దానికీ భేదం.

మనకు విజయవాడ ఉంది. 1995లో అక్కడ మొదలైన అగ్రిగోల్డ్ అనే కంపెనీలో, స్థలాలిస్తామని, ఎక్కువ రాబడి ఇస్తామని చెప్పి కట్టించుకున్న ఖాతాలు సుమారు 32 లక్షలు. కట్టించిన ఏజెంట్లు పరాయివాళ్లు కాదు. ఎదురింటి మాస్టారు, మేనత్త కొడుకు, సంఘంలో లీడరు. కంపెనీ చేతులెత్తేశాక, 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొలి విడతగా 10 వేల రూపాయల లోపు కట్టినవాళ్లకు చెల్లిస్తే, ఆ ఒక్క వరసలోనే మూడు లక్షల మందికి పైగా తేలారు. పదివేల లోపు! ఎలాంటి ఇళ్లలోంచి ఆ డబ్బు వచ్చిందో ఆ అంకె చెబుతుంది. కొంచెం కొంచెంగా కూడబెట్టి కట్టినవాళ్లు వాళ్లు.

మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన దగ్గర నేను ఒక పాస్‌బుక్కు చూశాను. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. బల్ల మీద పరిచిన దుప్పటి మడతల కింద, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంది. బొగ్గు పెట్టె వేడి తగలకుండా నాలుగు మడతలు వేశాడు. కవరు విప్పి చూపించినప్పుడు ప్రతి నెలా ఏజెంటు పెట్టిన సంతకం, పక్కనే తేదీ. నలభై మూడు సంతకాలు. నలభై నాలుగో గడి ఖాళీ. "ఆయన కూడా మాలాంటోడే సార్, ఆయన్నేం అంటాం," అన్నాడు.

లుష్నియ దగ్గరి పల్లెలో ఆ ఇంటి కొట్టం ఖాళీగా ఉంటే, గోడకు కొట్టిన మేకుకు పలుపుతాడు వేలాడుతూ ఉండి ఉంటుంది. కొడుకు తిరిగి రాలేదు. కొండల అవతలే ఉండిపోయాడు.

మన దేశంలో అనుమతి లేని డిపాజిట్ల వసూలును 2019 నుంచి చట్టం నిషేధిస్తోంది. ఫిర్యాదు చెయ్యడానికి రిజర్వు బ్యాంకు 'సచేత్' అనే వెబ్‌సైట్ నడుపుతోంది. కానీ మన ఇంట్లో అంట్లు తోమే ఆమె, కింద గేటు దగ్గర కూర్చునే ఆయన దాన్ని తెరిచి చూసుకోరు. ఈ ఆదివారం వాళ్లనొకసారి అడగండి, నెలనెలా ఎవరికైనా కడుతున్నారా అని. కడుతున్నామంటే, ఆ కాగితం పట్టుకురమ్మనండి. దగ్గర కూర్చుని, కంపెనీ పేరు చూసి, దానికి అనుమతి ఉందో లేదో మీ ఫోన్లో వెతికి పెట్టండి.